ఖాళీ బండి తూకం

మొన్న ఒక పెళ్లికి పోయి హాల్లో కూర్చున్నాను. ఎవరో మైకు చేతిలోకి తీసుకోగానే అది కీచుమని కూసింది. చుట్టూ ఉన్నవాళ్లు చెవులు మూసుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కూత వింటే నేను చేసిన ఒక ఘనకార్యం గుర్తొస్తుంది. గొప్పగా చెప్పుకోదగ్గది కాబట్టి ముందే చెప్పేస్తాను. ఈ నిజామాబాద్ పట్నంలో ఉల్లిగడ్డల దగ్గర బేరమాడినవాళ్లున్నారు, బంగారం దగ్గర బేరమాడినవాళ్లున్నారు, పిల్లనిచ్చే వియ్యంకుడి దగ్గర బేరమాడినవాళ్లూ ఉన్నారు. ఉపనిషత్తుతో బేరమాడినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. మనిషికి ఐదు కోశాలున్నాయని ఋషులు చెప్పారు. నేను వాటిని మూడుకు దించాను. అదీ ఒక్క చాయ్ తాగేలోపు.

మాది మూడు తరాల ఇత్తడి సామాన్ల దుకాణం. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడి, క్వార్టర్లు ఖాళీ చేస్తున్న కుటుంబాలు పాత గిన్నెలూ గంగాళాలూ అమ్ముకుంటున్నాయని విని వ్యాను తీసుకుని పోయాను. అట్లా ఒక ఇంటి అరుగు మీద గంగారాం సారు నాకు మొదటిసారి కనిపించారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు బండ్లను తూచే గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేశారు. ఊరంతా ఆయనను కాంటా సారు అనేది. నేను వాళ్ల గంగాళాన్ని నా త్రాసుకు తగిలించి, “దీని కడియాలు ఇనుపవి. రెండు కిలోలు తీసేస్తున్న” అన్నాను. ఆయన లేచి వచ్చి, ఒక్క చేత్తో కడియాన్ని ఎత్తి చూసి, “రెండు కలిపినా కిలోంబావు గాదు సేటు” అన్నారు.

“ఇనుము తీసెయ్యద్దా సార్?”

“తీసెయ్యాలె. కని సక్కగ తీసెయ్యాలె. నేను బతుకంత చేసింది గదే పని. బండి నిండ చెరుకుతోని వస్తది, తూస్తం. చెరుకు దింపి ఖాళీ బండి మళ్లొస్తది, దాన్నీ తూస్తం. దాంట్లకెల్లి దీన్ని తీసేస్తె చెరుకెంతో తెలుస్తది. కొందరు సగమే దింపి ఖాళీ బండి అని తెచ్చెటోళ్లు. గసొంటోళ్లకు నేను గిట్లనేది.” ఆయన కుడి అరచేతిని బయటికి చూపి, మెల్లగా కిందికి వంచారు. పూర్తిగా దింపుకొని రా అని ఆ సైగకు అర్థం. కాంటా గది అద్దం వెనక నుంచి మాట వినపడదు కాబట్టి అన్నేళ్లూ ఆ చెయ్యే మాట్లాడింది.

నాకు ఊరుకునే అలవాటు లేదు. “మరి మనిషిని ఎట్ల తూస్తరు సార్?” అని హాస్యమాడాను. ఆయన నవ్వలేదు. “కూసో, చెప్త” అన్నారు. వ్యాను డ్రైవరు హారన్ కొట్టి కొట్టి అలసిపోయాడు. నేను లేచేసరికి గంగాళం సంగతి ఇద్దరమూ మర్చిపోయాం.

ఆయన సంస్కృతం బడిలో చదువుకోలేదు. ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేసిన ఒక మరాఠీ పెద్దాయన పక్క క్వార్టర్లో ఉండేవారట. ఏడేళ్లు ప్రతి సాయంత్రం ఆ పెద్దాయన చెబుతుంటే ఈయన విన్నారు. ఊరు విడిచి పోయేనాడు ఆ పెద్దాయన అడిగిన గురుదక్షిణ ఒక్కటే: దీన్ని ఎప్పుడైనా నలుగురికి చెప్పు, చెబితే మాత్రం నడుమ ఆపకు.

మంగళవారాలు మా దుకాణానికి సెలవు. ఆ మంగళవారాలన్నీ బోధన్ పాలయ్యాయి. కోశాలు ఐదు అని ఆయన మొదటిసారి చెప్పినప్పుడు నా బుద్ధి ఎక్కడికి పోవాలో అక్కడికే పోయింది. కోశాధికారి, కోశాగారం అన్న మాటలే కదా మనం విన్నవి! “అంటే మనిషి లోపల ఐదు గల్లాపెట్టెలు ఉంటయన్నట్టు. ఏ పెట్టెల ఏముంటది సార్?” అని అడిగాను. ఆయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

“సుజాతా, ఇటు రా బిడ్డా, సేటు ఉపనిషత్తుల గల్లా తెరిచిండు!” అని కూతుర్ని పిలిచి మరీ చెప్పారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, “గల్లా గాదురా. ఒర. కత్తికుండె ఒర. గల్లాను నింపుకుంటరు, ఒరను ఇప్పుతరు. నీకు నింపుడే ఎరుక” అన్నారు. అన్నంతో అయిన ఈ ఒళ్లు ఒక ఒర. దాని లోపల ఊపిరి, దాని లోపల మనసు, దాని లోపల ఇది మంచి ఇది చెడు అని తేల్చే తెలివి, దాని లోపల ఆనందం. “ఆనందం గూడ ఒరేనా సార్?” అంటే, “గదే మొండిది. మెత్తగ ఉంటది గద, ఇప్పబుద్ధి గాదు” అన్నారు.

ఆయన నాకు నేర్పింది శ్లోకాలు కావు. ఒకసారి మా తమ్ముడు వేరు దుకాణం పెడతానన్నాడని మండిపడుతూ పోయాను. వాడి భార్య తీరు, వాడి కొత్త కారు, వాడు చిన్నప్పుడు చేసిన దొంగపనులు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని, “బండి తూకం తీసి చెప్పు” అన్నారు. తమ్ముడి భార్యను తీసేసి మళ్లీ చెప్పాను. “ఇంక బండి ఉన్నది” అన్నారు. మూడోసారి నా నోట్లోంచి ఒక్క వాక్యమే వచ్చింది. “వాడు నన్నొక మాట అడగలే సార్.” ఆయన తలూపారు. “గదీ చెరుకు. పొయ్యి గంత మట్టుకే చెప్పు వానికి.” పోయి చెప్పాను. తమ్ముడు ఏడ్చాడు. వేరు దుకాణం పెట్టనే పెట్టాడు, కానీ దాని రిబ్బను నాచేతే కత్తిరింపించాడు.

సారుకు డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాయి. గొంతు సన్నబడుతోంది. ఒకనాడు తనంత తానే, “గొంతు ఉన్నప్పుడే ఒక్కసారి నలుగురి ముందట మొత్తం చెప్పాలె సేటు. ఐదు పొద్దులు, దినానికి ఒక్క కోశం. గా మరాఠీ పెద్దాయనకు మాట ఇచ్చిన గద” అన్నారు. అన్నేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. అప్పుడు నేను మా వ్యాపారుల సంఘానికి కార్యదర్శిని. హాలు ఉంది, మైకు ఉంది, కుర్చీలున్నాయి. నేను చేయిస్తాను అన్నాను. అన్నాక నా జబ్బు బయటపడింది.

“ఐదు రోజులు జనం ఎక్కడ కూసుంటరు సార్? మూడు చేద్దాం.”

“కోశాలు ఐదు గద.”

“మొదటి మూడు మంచిగ చెప్పుండ్రి. చివరి రెండు ఎట్లనన్న ఎవ్వలకు సమజ్ గావు.”

ఆయన చాయ్ సాసర్ కింద పెట్టారు. “సమజ్ గానిది జనానికా, నీకా?” అని అడిగి, నేను నవ్వేసేసరికి మెల్లగా అన్నారు. “సూడు సేటు, ఐదూ బండే. మూడే తీసి ఆపినమనుకో, మిగిలిన రెండు బండ్లను గూడ చెరుకే అనుకొని ఇంటికి పోతరు. అది దొంగ తూకమైతది. నాతోని గా పని చేపియ్యకు.”

“అయితే మూడో నాడు మూడు కలిపి చెప్పుండ్రి. రెండు గంటలు మీకే ఇస్త. మైకు ఎవ్వడు ముట్టడు. నాది జిమ్మేదారి.”

“నీది జిమ్మేదారి అన్నవ్.”

“అన్న సార్. పూచీ నాదే.”

“సరె.” సాసర్లో మిగిలిన చాయ్ తాగేశారు. బేరం కుదిరింది.

మొదటి రోజు నలభై మంది వచ్చారు. రెండో రోజు అరవై మంది. ఆయన గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని, మైకును రెండు చేతులతో పట్టుకుని మాట్లాడారు. వర్ని నుంచి వచ్చిన ఒక బియ్యం వ్యాపారి లేచి, “సారూ, అన్నంతోని అయిన దేహం అంటిరి. సన్నబియ్యమా, దొడ్డుబియ్యమా?” అని అడిగితే, “మట్టిల కలిసినంక రెండింటికి ఒక్కటే రేటు అన్నా” అన్నారు. హాలంతా ఘొల్లుమంది. ఆ పెద్దమనిషే చివరికి కళ్లు తుడుచుకుంటూ బయటికి పోవడం నేను చూశాను. నాకు గర్వంగా ఉంది. సరుకు నాదే అన్నంత గర్వం.

మూడో రోజు ముగింపుకు రమ్మని ఒక పెద్దమనిషిని పిలిచాను. మా సంఘం భవనం పై అంతస్తులో పరిచే రాయి విరాళంగా ఇస్తానన్నాడు. ఏడింటికి రావలసినవాడు అయిదున్నరకే వచ్చేశాడు. వచ్చి ముందు వరుసలో కూర్చుని చేతి గడియారం చూసుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. త్వరగా ముగించమని నేను సారుకు చీటీ పంపాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకుని చెప్పడం ఆపలేదు. రెండో చీటీ పంపాను. అదీ జేబులోకే పోయింది. అప్పుడు ఆయన మనసు గురించి చెబుతున్నారు. “ఇష్టం నాది, కోపం నాది, బేరం నాది అనుకుంటడు మనిషి. మనసే నేను అనుకుంటడు. కాదు. దాని లోపల...”

నేను వేదిక ఎక్కి మైకు లాక్కున్నాను. అది కీచుమని కూసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. లాక్కున్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా. నవ్వుతూ, “సారు మనకు కోశాల గురించి చెప్పిండ్రు. ఇగ మన సంఘం కోశం నింపెటందుకు పెద్దలు వచ్చిండ్రు” అన్నాను. హాలు పగలబడి నవ్వింది. ఆ పెద్దమనిషి కూడా నవ్వాడు. ఒకనాడు సారును కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వించిన నా తప్పునే, ఆయన తన అరుగు మీద కూర్చోబెట్టి దిద్దిన ఆ మాటనే, ఆయన మీదికి చప్పట్ల కోసం విసిరాను. పక్కకు చూస్తే ఆయన రెండు చేతులూ ఇంకా గడ్డం ముందే ఉన్నాయి, మైకు పట్టుకున్నట్టే. దాన్ని నేను తీసేసుకున్న సంగతి చేతులకు ఇంకా తెలియలేదు. మేము శాలువా కప్పాము. ఆయన దాన్ని మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

బోధన్‌కు నా కార్లోనే తీసుకుపోయాను. జానకంపేట దాటాం. ఎడపల్లి దగ్గర ఆయనే అన్నారు. “సేటు, మిగిలిన రెండు నీకన్న చెప్పాల్నా? ఇంక తొవ్వ ఉన్నది గద.”

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. “ఇయ్యాల మీరు అలసిపోయిండ్రు సార్. మంగళారం వస్త గద, నిమ్మలంగ వింట” అన్నాను. ఆయన అలసిపోలేదు. నేను ఆయన ముఖం చూడలేకపోయాను, అంతే. అది నా రెండో బేరం. దాంట్లోనూ గెలిచాను.

ఆ మంగళవారం పోలేదు. మరుసటి మంగళవారం దుకాణంలో రంగులు వేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత పెళ్లిళ్ల కాలం. సిగ్గుపడేవాడికి పనులు వెతుక్కుంటూ వస్తాయి. నాలుగు నెలలు గడిచాక సుజాత ఫోను చేసింది. పోయేసరికి ఆయన మంచం మీద ఉన్నారు. కుడి పక్క పడిపోయింది. “బాపుకు మాట పోయింది అన్నా” అంది ఆమె. కొంచెం ఆగి, “మంగళారం మంగళారం తలుపు కాడ్నే కూసునేది. కారు సప్పుడైతే సాలు, సేటు వచ్చిండు సూడు అనేది” అంది. ఆమె నన్ను తిట్టలేదు. చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఐదు వేళ్లు చూపారు. ఒక్కొక్కటే మడిచారు. మూడు మడిచి, రెండు వేళ్లు నిలబెట్టి నా వైపు చూశారు. అర్థమైంది. “విజ్ఞానమయం, ఆనందమయం” అన్నాను. సరుకుల పట్టీ చదివినట్టు గడగడా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊగింది. రెండు వేళ్లూ అట్లాగే నిలబడి ఉన్నాయి. ఏళ్లకొద్దీ విన్నాను కదా, చెబుదామని నోరు తెరిచాను. పేర్లు తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆయన ఆ అరచేతిని బయటికి చూపి, మెల్లగా కిందికి వంచారు. చాయ్ తెచ్చిన సుజాత అది చూసి నవ్వబోయి ఏడ్చింది. “పూర్తిగ దింపుకొని రా అంటుండు అన్నా.”

పదకొండు రోజులకు ఆయన పోయారు. మొత్తం చెబుతానని తన గురువుకు ఇచ్చిన మాట మూడో ఒర దగ్గరే ఆగిపోయింది.

ఆయన చెప్పినట్టే, ఇది రాస్తూ నా బండిని ఒక్కొక్క ఒరగా దింపుతున్నాను. పెద్దమనిషి పక్కన నిలబడి ఫోటోలో పడాలనుకున్న ఒళ్లును తీసేశాను. ఒక్క ఊపిరిలో తడబడకుండా ఆ ముతక హాస్యమాడిన నాలుకనూ తీసేశాను. జనం విసుగుపడతారన్నది, రాయి చేజారుతుందన్నది, సారు అలసిపోయారన్నది అంతా మనసు చెప్పిన సాకు. అదీ పోయింది. ఐదు పేర్లు వచ్చు కాబట్టి విషయం తెలుసనుకున్న తెలివిని తీయడానికి కొంత కష్టమైంది. చివరి దాన్ని ఇది రాస్తుండగానే పట్టుకున్నాను. తప్పు ఒప్పుకుంటున్నాను చూడండి, ఎంత మంచివాణ్నో అని లోపల చల్లగా తగులుతున్న ఒక హాయి. మెత్తగా ఉంది, విప్పబుద్ధి కాలేదు. సారు ఉంటే ముందుగా దీన్నే ఎత్తి చూసి, ఇంక బండి ఉన్నది అనేవారు. దాన్నీ తీసేస్తున్నాను.

ఇక కాంటా మీద మిగిలిందింతే. గడ్డం ముందు మైకు లేకుండా నిలిచిన రెండు ముసలి చేతులు. వాటిని ఖాళీ చేసింది నేను. “దాని లోపల...” అంటూ ఏముందో ఆయన చెప్పబోయారు. నేను చెప్పనివ్వలేదు.