బొమ్మకు ముసుగు తీసిన ఘనత

చెంగమ్మకు యాభై ఏళ్లు. ఎవరేం చెప్పినా ముందు "ఇందులో నీకేంది లాభం?" అని అడుగుతుంది. ఆమె మాట వినకపోతే మొన్న నా గతి ఏమైందో వినండి. ఇంట్లో సీకాయంతా అయిపోయింది, పక్కింటి పిల్లి మాత్రం ఇంకా నా వెంటే తిరుగుతోంది!

మా బస్టాండు ఎదుట, చెంగమ్మ వాళ్లు ఏళ్లుగా చేపలమ్మే చోటే, చేపలమ్మే మనిషి సిమెంటు బొమ్మ పెట్టించాడు పంచాయతీ ప్రెసిడెంటు. శ్రమజీవులకు గౌరవమట! ఏనాడూ ముక్కు మూసుకోకుండా ఆ దారిన నడవని పెద్దమనిషికి ఇంత గౌరవం ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? పైగా, "సభకు పెద్దలొస్తారు, ఆ పూటకు గంపలు తీసెయ్యండి" అన్నాడు. బొమ్మ వెనక చూద్దును గదా, ముళ్లకంచె తీగ చుట్ట! గంపలు తీయగానే ఆ చోటు చుట్టూ కంచె బిగిస్తారు. ఆ పూట ఇక ముగియదని నాకు అర్థమైపోయింది.

"గంపలతోనే సభకు పోదాం. ముందు నేను నడుస్తా" అన్నాను.

చెంగమ్మ ఎగాదిగా చూసింది. "ఇందులో నీకేందమ్మా లాభం? పత్రికలో రాసుకుంటావా?"

పత్రికలకు అప్పుడప్పుడు రాసేదాన్నే, అందుకే రోషమొచ్చింది. "నీ గంప ఇట్లా తే, నేనే మోస్తా!"

"నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకో తల్లీ, గంప నిలవదు."

"అక్కర్లేదు!"

నాలుగడుగులు వేశానో లేదో, చేపల నీళ్లు కళ్లలోకి కారాయి. ఉప్పు! మంట! సభ ఎటో, జనం ఎటో! "పక్కకు, పక్కకు!" అని వెనక చెంగమ్మ కేకలు. ఏ పక్కకో చెప్పదే! గంప ఒరిగింది. ఆసరాకు చేతికందిన గుడ్డ పట్టుకున్నాను.

అది బొమ్మ ముసుగు. ముసుగు నా మీద, చేపలు ముఖ్య అతిథి ఒళ్లో!

"ఎవరీవిడ?" ప్రెసిడెంటు అరిచాడు. నేను వల్లె వేసుకొచ్చిన ఉపన్యాసమంతా దగ్గయి వచ్చింది.

చెంగమ్మే ముందుకొచ్చింది. "అయ్యా, చచ్చినోళ్లకు గదా బొమ్మలు పెట్టేది? మేం బతికే ఉండామే! ఆ కంచె ఎవురికి?"

"ఆవులు రాకుండా" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆవులు చేపలు తింటాయా సామీ?"

జనం గొల్లుమన్నారు. ఒళ్లోని చేపను రెండు వేళ్లతో తీసి పక్కన పెడుతూ, "కంచె ఏమీ వద్దులేవయ్యా" అన్నాడు అతిథి, అక్కణ్ణుంచి త్వరగా బయటపడాలని.

నేను ముసుగులోంచి బయటపడేసరికి పోరాటం ముగిసింది. నాయకురాలు నేనే!

చెంగమ్మ నా జడలోంచి చేప పొలుసు తీసి, "రాసుకోను దొరికింది గదా. ఇంక మోయబాక" అంది.

నిన్న పొద్దున ఆమె బొమ్మ గద్దె మీదికెక్కి కూర్చుని చేపలమ్మింది.