సోయి వచ్చిన చెయ్యి

ప్రభువు ఇంట్లో నాకు తోబుట్టువులైన సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఎండాకాలంలో గాలి తగిలితే ఏడ్చిన మనిషిని నేను. ఫ్యాను గాలే, ఇంకేమీ కాదు! ఇంటిల్లిపాదీ ఉక్కకు తడిసి ముద్దవుతుంటే నేను ఫ్యాను ఆపండని బతిమాలేదాన్ని, చీర కొంగు జారి చేతికి రాసుకుంటే నిప్పు అంటించినట్టు మండేది, ఎవరూ తాకకుండానే ఒక్కోసారి చంక నుంచి చిటికెన వేలిదాకా కరెంటు తీగ తగిలినట్టు జివ్వున లాగేది. అలాంటి చేతులను దేవుడు ఎట్లా బాగుచేశాడో, అందుకు ఎవరి వేళ్ళను వాడుకున్నాడో మీకు చెప్పాలని రాస్తున్నాను. బడికి పోయినదాన్ని కాను, మా అమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలే నాకున్నవి, తప్పులుంటే మన్నించండి.

మాది పోచంపల్లి పక్కన చిన్న పల్లె. నేనూ మా అత్త రాజమ్మా మగ్గాలున్న ఇళ్ళకు కండెలు చుట్టి ఇచ్చేవాళ్ళం, అంటే నేతకు కావలసిన దారాన్ని చిన్న చిన్న గొట్టాలకు చుట్టే పని. కూర్చుని చేసే పని, దానికి తోడు నాకు తిండి మీద ఉన్న ప్రేమ, రెండూ కలిసి నన్ను తలుపులో పక్కకు తిరిగి దూరే మనిషిని చేశాయి, షుగరు కూడా వచ్చింది. దేవుని దయవల్ల రెండేళ్ళు జొన్నరొట్టె తిని, పొద్దున్నే బస్సు రోడ్డు మీద నడిచి నడిచి సగం మనిషినయ్యాను. షుగరు దారికొచ్చింది గాని, కండ పోయిన చోట చర్మం మిగిలిపోయింది. రెండు చేతుల కిందా ఖాళీ సంచుల్లా వేలాడేది, మడతల్లో చెమట చేరి పుండ్లయ్యేవి, ఏ మందు పూసినా నాలుగు రోజులే. చివరికి పట్నంలో పెద్ద దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఆ మిగిలిన చర్మం కోసి కుట్టేస్తే తప్ప పుండ్లు ఆగవని చెప్పింది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను, దాచను. ఇది సినిమావాళ్ళు అందానికి చేయించుకునే ఆపరేషన్ కదా అని సంఘంలో ఎవరైనా అంటారేమోనని సిగ్గుపడి, చేతిలో గడ్డ లేచింది, తీయించుకోవడానికి పోతున్నానని చెప్పాను. మా సంఘపు స్త్రీల ప్రేమ ఎట్లాంటిదంటే, లేని ఆ గడ్డ కోసం మూడు శుక్రవారాలు ఉపవాసముండి కన్నీళ్ళతో ప్రార్థించారు! నేను వాళ్ళ మధ్యనే మోకాళ్ళ మీద ఉండి ఆమేన్ అన్నాను.

మా అత్తకు మాత్రం నిజం తెలుసు. ఆమెకు చూపు పోయి పన్నెండేళ్ళవుతున్నది, అప్పటి నుంచి మందిరానికైనా అంగడికైనా నా చెయ్యి మోచేతికి పైన పట్టుకునే నడుస్తుంది, నా చేతి సంగతి నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. కొడుకు, అంటే మా ఆయన, చెయ్యి పట్టుకోమంటే పట్టుకోదు, వాడు ఉరుకుతడు, నాకు తొవ్వ తెల్వదు అంటుంది.

ఆపరేషన్ మంచిగానే అయింది. మొదటి నెలంతా నొప్పి కాదు, మొద్దుబారడమే నా బాధ. చంక నుంచి మణికట్టుదాకా లోపలివైపు గిల్లినా తెలియదు, ఒకరోజు వేడి గిన్నె ఆనుకుని బొబ్బ లేచినా నాకు తెలియలేదు, అత్త తడిమి చూసి చెప్పింది. మనిషికి తెలివి తప్పితే సోయి తప్పిందంటాం కదా, మా దిక్కు చేతికైనా కాలికైనా అదే మాట. ప్రభువా, నా చేతులకు సోయి రానియ్యి అని పొద్దునా మాపూ అదే ప్రార్థన చేశాను.

సోయి వచ్చింది సహోదరులారా, కానీ మంట రూపంలో వచ్చింది. నేను మొదట చెప్పిన ఫ్యాను సంగతి అప్పటిదే. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, గడ్డ పోయినందుకు స్తుతి ప్రార్థన చేద్దామని స్త్రీలందరూ నా చుట్టూ చేరారు. నాకు వరుసకు వదినయ్యే శాంతమ్మ ప్రేమకొద్దీ నా చేతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది, నేను పెట్టిన కేకకు మందిరం పైన పావురాలు లేచిపోయాయి. గడ్డ మళ్ళీ తిరగబెట్టిందని వాళ్ళు భయపడి అక్కడికక్కడే ఇంకో ఉపవాసం చెప్పుకున్నారు. నేను దానికీ ఆమేన్ అన్నాను. బయటికి వస్తుంటే అత్త ఎప్పటిలాగే నా చెయ్యి పట్టుకుంది, నా ప్రమేయం లేకుండానే చెయ్యి గుంజుకున్నాను, మెట్టు దగ్గర ఆమె తడబడి కూలబడిపోయింది. దెబ్బ తగల్లేదు గాని, ఆ తరువాత ఆదివారం నుంచి అత్త మందిరానికి రావడం మానేసింది. నీకు నొప్పి గదా బిడ్డా, నువ్వు పోయిరా అనేది. మైకులో పాట వినపడితే గడప మీద కూర్చుని చప్పట్లు కొట్టేది. నాలుగు ఆదివారాలు అట్లా గడిచాయి. నా చెయ్యి ఒకరిని తాకనిచ్చేటట్టు కాకపోతే, ఆమె చివరి రోజులు ఆ గడప మీదనే తెల్లారతాయని నాకు అర్థమైంది, అదీ నా మనసును కోసిన సంగతి.

ఒకరోజు మధ్యాహ్నం గుండె పగిలి పైకే ప్రార్థించాను: "ప్రభువా, అబద్ధమాడినందుకు నన్ను కాలుస్తున్నవు. నేను ఓర్వలేను. ఈ సోయి తీసెయ్యి, నా చేతులు మల్ల మొద్దు చెయ్యి." పక్క అర్రలో అత్త ఉన్నదన్న సంగతే మరిచిపోయాను.

"ఏందే సుగుణా," అంది ఆమె అక్కడి నుంచే, "మొన్నటిదాంక సోయి రానియ్యి అని దేవుని పానం తీస్తివి. ఇచ్చిండు. ఇప్పుడు వాపస్ తీస్కోమంటున్నవు. ఆయనేమన్న బట్టల దుకాణపోడా, మార్చి ఇయ్యనీకి?"

ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే నవ్వాను. గోడ తడుముకుంటూ వచ్చి నా ముందు కూర్చుని, ఈసారి నెమ్మదిగా అంది: "చచ్చిన తోలు మండదు బిడ్డా. బతికొస్తున్నది గనుకనే మండుతాంది. గిది శిక్ష గాదు. అబద్ధం సంగతి వేరే, అది పోయి పాస్టరమ్మకు చెప్పు. నాకెందుకు చెప్తవు?"

మరుసటి వారం దవాఖానకు పోతే డాక్టరమ్మ కూడా దాదాపు అదే మాట చెప్పింది! కోతలో దెబ్బతిన్న సన్న నరాలు మళ్ళీ మేలుకుంటున్నాయట, కొత్తగా లేచిన నరానికి తాకడమేదో కాల్చడమేదో తేడా తెలియదట. నరాల మాత్ర రాసిచ్చి, చేతులు దాచుకోవద్దు, రోజూ కొద్దికొద్దిసేపు మెత్తటి గుడ్డతో తాకించండి, ఓర్చుకున్నాక కొంచెం గరుకుది వాడండి, అట్లా నేర్పితే నేర్చుకుంటాయి అని చెప్పింది. ఇంటికొచ్చి ఈ మాట చెబితే అత్త ముఖం వెలిగిపోయింది. మగ్గాల ఇంటి నుంచి పారేసే పట్టుపోగులు గుప్పెడు తెమ్మంది.

నలభై ఏళ్ళు దారం తెగకుండా చుట్టిన వేళ్ళు సహోదరీలారా! ఆ పట్టుపోగులు నా చేతి మీద ఆనించీ ఆనించనట్టు నడిపించేది, నేను అబ్బా అనకముందే ఎత్తేసేది, కాసేపాగి మళ్ళీ ఆనించేది, నోట్లో సన్నగా పాట. కళ్ళున్న నాకు తెలియనిది ఆమెకు తెలిసేది. "ఇయ్యాల చెయ్యి గుంజుకోలే, రేపు నూలుకొద్దం" అనేది. పట్టు తరువాత నూలు, నూలు తరువాత పాత తువ్వాలు, వారాలకు వారాలు పట్టాయి. ఒకరోజు వెనక్కి పోయి మళ్ళీ పట్టుకే దిగాం, నేను దిగులుపడితే దారం చిక్కుపడితే విప్పుకుంటం గని పారేస్తమా అని మందలించింది.

ఈలోపు శుక్రవారం స్త్రీల కూడికలో లేచి నిలబడి గడ్డ లేదని, ఎన్నడూ లేదని ఒప్పుకున్నాను. అందరూ బిత్తరపోయారు. శాంతమ్మ వదిన కొంగుతో చెమట తుడుచుకుని, "అయితే మేం మూడు శుక్రారాలు కడుపు మాడ్చుకున్నది లేని గడ్డకా?" అంది. అవును వదినా అన్నాను. "మంచిగనే పనిచేసింది పో," అంది ఆమె, "ఎతికినా దొరకకుంట పోయింది." కూడిక మొత్తం నవ్వింది, నవ్వీ నవ్వీ నన్ను ఏడిపించారు. మా పాస్టరమ్మ మాత్రం, గడ్డ ఏదో నరం ఏదో దేవునికి తెలుసు తల్లీ, ఆ ప్రార్థనలు ఎక్కడికి పోవాలో అక్కడికే పోయి ఉంటాయి అన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళు నా కోసం ప్రార్థిస్తే, చేతులు జానెడు దూరంలో గాలిలో పట్టి ప్రార్థించేవారు. కళ్ళు తెరిచి చూస్తే అందరూ చలిమంట కాచుకుంటున్నట్టు ఉండేది, నవ్వు ఆపుకోవడం నాకు గండమయ్యేది.

వానాకాలం వెళ్ళేసరికి గోనెసంచి గుడ్డ దాకా వచ్చాం. ఒక ఆదివారం నేను తయారై వాకిట్లోకి వచ్చేసరికి అత్త తెల్లచీర కట్టుకుని గడప దిగి నిలబడి ఉంది, ఏమీ అడగకుండా చెయ్యి ముందుకు చాపింది. నేను నా చెయ్యి అందించాను. ఆమె వేళ్ళు బిగిశాయి, మంట లేచింది, లేదనను, కానీ నా చెయ్యి గుంజుకోలేదు! నాలుగు అడుగులకు ఆ మంట వెచ్చదనమైంది, వీధి మలుపుకొచ్చేసరికి అది ఉత్త మా అత్త చెయ్యి. మందిరం మెట్లు ఇద్దరం కలిసే ఎక్కాం, లోపల పాట ఆగిపోయి చప్పట్లు లేచాయి.

ఇప్పటికీ చలికి చిటికెన వేలు చిమచిమలాడుతుంది, మాత్ర డాక్టరమ్మ చెప్పినట్టే తగ్గించుకుంటూ వస్తున్నాను. ప్రియులారా, మీలో ఎవరికైనా అడిగిన మేలు బాధ వేషంలో వచ్చి ఉంటే, దేవుడు కోపగించాడని తొందరపడి అనుకోకండి. దవాఖానకు పొండి, మీవాళ్ళ దగ్గర నిజం చెప్పుకోండి, ఆయనను నమ్మి కొంచెం ఆగండి, నా మీద జాలిపడినవాడు మిమ్మల్ని ఊరికే విడిచిపెట్టడు. ఇది రాస్తుంటే అత్త పక్కనే కూర్చుని నా ఎడమ చెయ్యి పట్టుకుని, నా గురించి ఏం రాసినవో చదువు అంటున్నది. ఆ పట్టు నాకు హాయిగా ఉంది. మహిమంతా దేవునికే.