రక్తపిశాచికి రక్తపరీక్ష

1986లో న్యూజెర్సీలో, ఐసెలిన్ అనే ఊరికి పావుగంట దూరంలో ఉన్న ఒక ఆసుపత్రి లాబ్‌లో నన్ను స్పెషల్ కెమిస్ట్రీ విభాగానికి మార్చారు. హోదా సీనియర్ మెడికల్ టెక్నాలజిస్ట్. పేరు గొప్పదే గాని హద్దులు ఎక్కువ. పరీక్ష చేయడం మా వంతు, దానికి అర్థం చెప్పడం డాక్టర్ల వంతు. డాక్టరు సంతకం లేనిదే ఏ పరీక్షా చేయకూడదు. రోగితో జబ్బు గురించి మాట్లాడనే కూడదు. భీమవరంలో మా అమ్మ దగ్గర కూడా నేనంత బుద్ధిగా లేను.

ఆ చలికాలం మొదట్లో పోర్ఫిరిన్ పరీక్ష చేయమని ఒక కాగితం వచ్చింది. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారీలో లోపం వల్ల వచ్చే అరుదైన జబ్బు పోర్ఫిరియా. అది ఉంటే పోర్ఫిరిన్లనే పదార్థాలు ఒంట్లో పేరుకుని మూత్రంలోకి వస్తాయి. కొందరికి ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పూర్వం జనం రక్తపిశాచులనుకున్నది ఈ రోగులనేనని ఒక సిద్ధాంతం అప్పట్లో పత్రికల్లో తెగ తిరిగింది. మా లాబ్‌లో అది చదివి నవ్వుకోనివాళ్లు లేరు.

కాగితం పంపింది డాక్టర్ సుందర్. గుంటూరు వాడు, మా ఆసుపత్రిలో రెసిడెంట్, అంటే ఇంకా శిక్షణలో ఉన్న డాక్టరు. ఆదివారం తెలుగు చర్చిలో నన్ను అక్కా అని పిలుస్తాడు. ఫోన్ చేసి, పేషెంట్ తనను తాను వ్యాంపైర్‌నని, అంటే రక్తపిశాచినని, చెప్పుకుంటోందని, పాజిటివ్ వస్తే జర్నల్‌కు వ్యాసం రాస్తానని ఒకటే హుషారు. రాకపోతే సైకియాట్రీకి పంపడానికి కాగితం కూడా సిద్ధంగా ఉందన్నాడు.

ఆమె పేరు డెబ్రా. ముప్ఫై దాటిన లైబ్రరీ ఉద్యోగిని. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టిన సీసాకు వెలుతురు తగలకుండా రేకు చుట్టి, నల్లకళ్లద్దాలు, పెద్ద టోపీతో లాబ్ కిటికీ దగ్గరికి వచ్చింది. నిజం చెప్పొద్దూ, నేను ముందు ఆమె పళ్లే చూశాను. మామూలు పళ్లే.

అడక్కుండానే చెప్పుకొచ్చింది. భర్త ఇష్టపడి ఇచ్చే నాలుగు రక్తపు చుక్కలు తప్ప ఎవరి జోలికీ పోదట. తానెందుకిలా పుట్టిందో అని మొదట పూర్వజన్మ అనుకుందట, తర్వాత తాతల నాటి వంశం అనుకుందట, ఇప్పుడు పేపర్ చూసి ఈ జబ్బనుకుంటోంది. అసలు బాధ వేరే ఉంది. నెలల తరబడి తీరని నీరసం. పుస్తకాల బండి తోయలేక ఎక్కడికక్కడ కూలబడుతుంటే సూపర్‌వైజర్ ఆఖరి వార్నింగ్ ఇచ్చాడు. కారణం తేలకపోతే ఉద్యోగం పోతుంది. ఇదంతా చెబుతూ పేపర్ కప్పులోంచి ఐస్ ముక్కలు కరకరా నములుతూనే ఉంది. రోజుకు ఎంత తింటావని ఊరికే అడిగాను. ఫ్రీజర్‌లో ట్రేలు ఖాళీ అయ్యేదాకా అంది.

ఆమె తెచ్చిన మూత్రాన్ని చీకటి గదిలో అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టాను. పోర్ఫిరిన్లు ఎక్కువుంటే గులాబీ ఎరుపుగా మెరవాలి. ఏమీ మెరవలేదు. ఫలితం రాస్తుంటే ఆ కరకర గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను బలపాలు తినేదాన్ని. పలక మీద రాసినదానికంటే నమిలిందే ఎక్కువ. రక్తం తక్కువైన ఆడవాళ్లకు బలపమో పచ్చిబియ్యమో మట్టో తినబుద్ధవుతుందని మా వైపు ఏ మంత్రసానిని అడిగినా చెబుతుంది. రక్తకణాలు లెక్కపెట్టే పక్క విభాగానికి వెళ్లి, సుందర్ అంతకుముందే చేయించిన పరీక్ష తాలూకు ఆమె రక్తం స్లైడు మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉన్నాయి. రిపోర్ట్‌లో హిమోగ్లోబిన్ ఎనిమిది, పన్నెండైనా ఉండాలి. సుందర్ ఆ రిపోర్ట్ చూశాడు గాని, అదీ పోర్ఫిరియా ఖాతాలోనే వేసేశాడు.

ఫోన్ చేసి నెగెటివ్ అని చెప్పాను. ఆ తర్వాత అడిగాను.

"సుందర్, మీ ఇంట్లో ఎవరన్నా బలపాలు తినేవాళ్లా?"

"మా చెల్లి తినేదక్కా. ఎందుకు?"

"ఈవిడ ఐస్ తింటోంది, ట్రేలకి ట్రేలు. ఫెర్రిటిన్‌కి సైన్ చేసి పంపు. సైకియాట్రీ సంగతి తర్వాత చూద్దువుగాని."

ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష అది. డెబ్రాకు నిల్వ అడుగంటింది. సుందర్ కూర్చోబెట్టి అడిగితే, ఏళ్ల తరబడి నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందని చెప్పింది. వ్యాంపైర్ అన్న మాట వినగానే రక్తం ఎలా తాగుతావని అందరూ అడిగారు. రక్తం ఎటు పోతోందని ఒక్కరూ అడగలేదు. నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆమె పళ్లు చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. కిటికీ దగ్గర రోగితో మాట్లాడినందుకు లాబ్ పెద్ద, చీఫ్ పాథాలజిస్ట్, నన్ను పిలిచి చీవాట్లు పెట్టాడు. పడ్డాను.

ఐరన్ మాత్రలు వాడి, గైనిక్ డాక్టర్ దగ్గర వైద్యం చేయించుకుని మూడు నెలలకు మళ్లీ వచ్చింది. హిమోగ్లోబిన్ పన్నెండు. ఉద్యోగం నిలిచింది. టోపీ, నల్లకళ్లద్దాలు మాత్రం అలాగే ఉన్నాయి. మరి ఆ వ్యాంపైర్ పోయినట్టేనా అని సుందర్ నవ్వుతూ అడిగాడు.

"నీరసం పోయింది డాక్టర్," అంది డెబ్రా. "నేను ఎక్కడికీ పోలేదు."

సుందర్ వ్యాసం రాయలేదు. నాకు తేలింది ఇది. ఒక మనిషి తనను తాను ఏమని పిలుచుకుంటుందో దానికి కారణం వెతకడం లాబ్ పని కాదు. మేం ఆ వెతుకులాటలో పడి, ఎనిమిది అని స్పష్టంగా రాసి ఉన్న అంకెను దాదాపు వదిలేశాం.