ముహూర్తం మారినప్పుడల్లా ఒక టికెట్టు

మా ఆయనకు విమానం పాయింట్ల పిచ్చి. ఇక్కడ గల్ఫ్‌లో, ముసఫ్ఫా అనే కార్ఖానాల పేటలో ఆయన కంపెనీ పెద్ద పెద్ద పంపులు బాగుచేస్తుంది. ఆ పని మీద నెలలో సగం రోజులు మస్కట్, దమ్మామ్ తిరుగుతుంటారు. తిరిగినప్పుడల్లా ఖాతాలో పాయింట్లు పడతాయి. కార్డు మీద కిరాణా కొన్నా, పెట్రోలు పోయించినా ఇంకాసిని. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని ఆ అంకె చూసుకుని మురిసిపోయేవారు. "ఉగ్గుపట్టి పెంచుతున్నట్టు ఏంటండీ ఆ చూపు?" అని కసిరేదాన్ని.

ఆ పాయింట్ల మీద నేను మొదటిసారి చెయ్యి వేసింది ఒక సూట్‌కేసు కోసం. ఆ విమానాల కంపెనీ యాప్‌లోనే బొమ్మ కనిపించింది, నొక్కాను, మూడో రోజుకి ఇంటికొచ్చింది. పైసా ఖర్చు లేకుండా పెట్టె వచ్చిందని నేను సంబరపడుతుంటే, మా ఆయన సోఫాలో కూలబడ్డారు.

"వాటితో చెన్నైకి ఒక సీటు వచ్చేదే! పెట్టెకి ఎవరన్నా పాయింట్లు తగలేస్తారా?"

"పెట్టె లేకుండా చెన్నై వెళ్ళి నేనేం చేస్తాను?" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. ఆయన కోపం అలాగే ఉంటుంది, మూతి బిగించుకుని తిరగడమే. నాదైతే వంటింట్లో గిన్నెల మీద వినిపిస్తుంది.

నాకు ఆ లెక్కల మీద శ్రద్ధ కలిగింది నా చెల్లెలి వల్ల. దాన్ని నెల్లూరులోనే ఇచ్చాం. అమ్మ పోయాక దానికి పుట్టిల్లంటే ఇక్కడ మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా రెండు గదుల ఇల్లే. విమానాలు ఆగిపోయిన ఏడాది దానికి ఎనిమిదో నెల. నేను ముందుగానే డబ్బు కట్టి టికెట్టు కొనిపెట్టుకున్నాను. అది రద్దయింది. ఏజెంటు డబ్బు వెనక్కివ్వకుండా ఒక వోచరు చేతిలో పెట్టాడు. దానికి గడువు ఉంది, ఎక్కడానికి విమానమే లేదు. ఆ నెలలోనే బిడ్డ పోయింది. ఇక్కడ పొయ్యి పక్కన నిలబడి ఫోన్ తెర మీద దాని ముఖం చూస్తూ ఉండిపోయాను. అది ఏడవలేదు. గోడవైపు చూస్తూ పడుకుంది. నేను మాత్రం "తినవే, ఏదో ఒకటి తినవే" అని అన్నమాటే అంటున్నాను.

మూడేళ్ళు గడిచాక మళ్ళీ నెల తప్పింది. అయిదో నెల వచ్చేదాకా నాకు కూడా చెప్పలేదు. చెప్పిన రోజున ఒకటే అడిగింది.

"ఈసారి నువ్వు రావాలక్కా. నువ్వు పక్కన లేకపోతే నాకు ధైర్యం చాలదు."

వస్తానన్నాను. అనడం తేలికే. నేను ఇక్కడ ఒక నర్సరీ స్కూల్లో పనిచేస్తాను. మా ప్రిన్సిపాల్ మేడమ్ బతిమాలగా బతిమాలగా పది రోజులు సెలవిచ్చింది. ముందుగా వెళ్ళి కూర్చుంటే కాన్పుకు ముందే తిరిగి రావలసి వస్తుంది. ఆలస్యమైతే వెళ్ళీ ప్రయోజనం లేదు. డాక్టరమ్మేమో, పోయినసారి అలా జరిగింది కాబట్టి ఆపరేషనే మంచిదని, ఈ రెండు వారాల్లో మీకు నచ్చిన రోజు చెప్పండని అంది. మన వాళ్ళకు ఆ మాట చాలు. చెల్లెలి అత్తగారు ఆ సాయంత్రమే సిద్ధాంతిగారి ఇంటికి వెళ్ళారు.

అప్పుడు మా ఆయన నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. చవక టికెట్టు డబ్బు పెట్టి కొంటే, తేదీ మారిన రోజున ఆ డబ్బు పోయినట్టే. పాయింట్లతో తీసుకున్న సీటు అలా కాదు. బయలుదేరడానికి ఒక రోజు ముందు దాకా రద్దు చేసుకోవచ్చు, కాస్త రుసుము పట్టుకుని పాయింట్లు మళ్ళీ ఖాతాలో వేస్తారు, కట్టిన పన్నులు కూడా తిరిగొస్తాయి. సెలవుల్లోనూ చివరి నిమిషంలోనూ టికెట్టు ధర చుక్కలనంటినప్పుడే పాయింటుకు అసలు విలువ. పెట్టెలకీ బిర్యానీ కూపన్లకీ కాదు. ఆ చివరి మాట అంటూ నా వంక చూశారు. నేను కిటికీలోంచి చూశాను.

సిద్ధాంతిగారు ఇచ్చిన తేదీ అత్తగారు కుటుంబం గ్రూపులో పెట్టారు. దానికి రెండు రోజుల ముందుకు సీటు తీసుకున్నాను. వారం తిరగకుండానే, ఆ నక్షత్రం చెల్లెలి మొగుడి నక్షత్రానికి పొసగదని తేదీ మార్చారు. రద్దు చేసి ఇంకోటి తీసుకున్నాను. ఆ తేదీన శూల యోగం ఉందని ఎవరో పెద్దాయన అన్నాడట, మళ్ళీ మారింది. మళ్ళీ రద్దు, మళ్ళీ బుకింగ్.

"నువ్వు టికెట్టు తీసుకుంటుండావా, కొట్లో చీరలు దించమంటుండావా?" అన్నారు మా ఆయన.

ఆయన నవ్వుతూ అన్నా నాకు ఒళ్ళు మండింది. సిద్ధాంతిని తిట్టాను, అత్తగారిని తిట్టాను, ఎదురుగా ఉన్నందుకు ఆయన్నీ తిట్టాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి, మార్చిన ప్రతిసారీ పాయింట్లు బుద్ధిగా ఇంటికొచ్చాయి. డబ్బు పెట్టిన టికెట్టయితే రెండో ముహూర్తానికే నేను చేతులెత్తేసేదాన్ని.

చివరికి వచ్చే గురువారం అని ఖాయమైంది. మంగళవారానికి నా సీటు సిద్ధం. ఎండుమిర్చి రంగు పట్టుచీర ఒకటి, చెల్లెలికి ఇష్టమని ఖర్జూరాలు, పసిబిడ్డ బట్టలు నెమ్మదిగా సర్దుకుంటున్నాను. పుట్టకముందు బట్టలు కొనకూడదంటారు, నేను కొన్నాను. అలా సర్దుకుంటుండగా చెల్లెలు ఫోన్ చేసింది.

"ఏందక్కా, ఎల్లుండి పొద్దునే గదా. ఇంకా బయల్దేరలా?"

"ఎల్లుండేంటే? వచ్చే గురువారం కదా!"

అవతల అది అత్తగారిని పిలవడం వినిపించింది. తరవాత ఫోన్ అత్తగారి చేతికి వెళ్ళింది.

"గ్రూపులో పెట్టింది ఊరి కోసం తల్లీ" అన్నారావిడ, ఏమీ జరగనట్టు. "అసలు రోజు చెప్తే దిష్టి తగలదా? పోయినసారి అందరికీ చెప్పుకోబట్టే గదా అట్టయింది. చిన్నది నీకు చెప్పిందనుకున్నా."

చెల్లెలేమో అత్తగారు చెప్పారనుకుంది. తేదీ నోటితో అనకూడదని ఆవిడ దానిచేత ఒట్టు పెట్టించుకున్నారట. కోపం రావాల్సిందే గానీ రాలేదు. ఆవిడకీ భయమే. మనవడో మనవరాలో, పోయినసారి చేతిదాకా వచ్చి పోయిన బిడ్డ ఆవిడకీ బిడ్డే. సరే అత్తయ్యా అన్నాను. ఫోన్ పెట్టేసి మా ఆయనకు చేశాను.

మా ఆయన పనిలోంచి పరుగున వచ్చారు. ఇద్దరం మంచం మీద కూర్చుని వెతికాం. మరునాటికి ఒక్క సీటు లేదు, డబ్బుకీ లేదు పాయింట్లకీ లేదు. ఎల్లుండి పొద్దుటి విమానంలో ముందు బిజినెస్ క్లాసు క్యాబిన్‌లో ఒక సీటు ఉంది. అది చెన్నైలో దిగేసరికి మధ్యాహ్నం. ఆపరేషన్ పొద్దున్నే. అంటే నేను నెల్లూరు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా వెళ్ళాలి కదా! మంగళవారం టికెట్టు రద్దు చేయబోతుంటే మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఇన్నిసార్లు తిప్పడంలో కొన్ని పాయింట్లకు గడువు దాటిపోయింది. టికెట్టుగా ఉన్నంతసేపే వాటికి ప్రాణం. రద్దు చేసిన మరుక్షణం పోతాయి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి, హిందీ మాట్లాడింది. నేను విషయం చెప్పబోయి సగంలో ఏడ్చేశాను. నాకు సిగ్గుగా ఉంది ఇప్పుడు, అప్పుడు లేదు.

"ఘబరావ్ మత్ దీదీ, కంగారు పడొద్దు" అంది. "రద్దు చేయొద్దు. అదే టికెట్టు తేదీ మారుస్తాను, అప్పుడు గడువు అడ్డురాదు. ముందు క్యాబిన్ కాబట్టి ఇంకొన్ని పాయింట్లు కావాలి. ఉన్నాయా?"

ఉన్నాయి. మా ఆయన దాచుకున్నవి. ఇస్తాంబుల్‌కి ఇద్దరం ముందు సీట్లలో కాళ్ళు చాపుకుని వెళ్దామని ఎన్నాళ్ళ నుంచో కూడబెడుతున్నవి. నేను ఆయన ముఖం చూశాను.

"తీసెయ్యమను. ఖలాస్" అన్నారు.

"మరి ఇస్తాంబుల్?"

"యాడికి పోద్ది? ఇన్ని వందల ఏళ్ళు ఆడనే ఉంది గదా."

ఈ మనిషిని నేను ఎన్ని మాటలన్నానో అనిపించింది. ఆ అమ్మాయి లైన్లోనే ఉండి, టికెట్టు నా ఫోన్‌కి వచ్చిందని చూసుకున్నాకే పెట్టేసింది. పేరడగడం కూడా తోచలేదు నాకు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

చెల్లెలికి ఫోన్ చేసి, మధ్యాహ్నం చెన్నైలో దిగుతాను, సాయంత్రానికి గానీ రాలేను అని చెప్పాను. అది "సరే అక్కా, నిదానంగా రా" అంది. అంత మామూలుగా ఎలా అందా అని నాకు ఇంకా బాధేసింది.

జీవితంలో మొదటిసారి ముందు సీటు. వేడి తువాలు ఇస్తే దాంతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ సీటు మంచంలా పరుచుకుంటుందని మా ఆయన కథలు కథలుగా చెప్పేవారు. ఏ బటనో తెలియదు, అడగబుద్ధీ కాలేదు. నాలుగు గంటలూ బడిపిల్లలా నిటారుగా కూర్చున్నాను. దేవుణ్ణి అడిగింది ఒకటే, నేను లేకపోయినా ఫరవాలేదు, దాని చేతిలో బిడ్డ ఉండాలి అని. తరవాత ఆ సీటు సంగతి తెలిసి మా ఆయన తల పట్టుకున్నారు. "పడుకోలా? అన్ని పాయింట్లు పోసి కూర్చుని పోయావా?" అని ఇప్పటికీ అడుగుతారు.

చెన్నైలో దిగి ఫోన్ తెరవాలంటే భయమేసింది. తెరవగానే మోగింది. అత్తగారు.

"ఇంకా లేదమ్మా. పొద్దున ముహూర్తం కంటే సాయంత్రంది బలమైందంట. సిద్ధాంతిగారే రాత్రి కబురంపారు. డాక్టరమ్మ కూడా సరేనంది. నువ్వు రా."

ఇన్నాళ్ళూ తిట్టిన నోటితోనే కారు నెల్లూరు చేరేదాకా ఆ సిద్ధాంతికి దండాలు పెట్టాను. గూడూరు దాటాక డ్రైవర్‌తో కూడా చెప్పాను, మా సిద్ధాంతిగారు గొప్ప పండితుడని.

ఆస్పత్రి గదిలో చెల్లెలు ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది. చెయ్యి అందుకుంటే చల్లగా ఉంది. థియేటరుకు తీసుకెళ్ళడానికి నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. అత్తగారు ప్రసాదం కోసం అటు తిరిగినప్పుడు, చెల్లెలు నన్ను దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"అత్తమ్మకి చెప్పబాకక్కా. సిద్ధాంతిగారికి ఫోన్ చేసింది నేనే. మా అక్క విమానం మధ్యాహ్నం దిగుద్ది, ఆ తరవాత ఏదన్నా మంచి టైముంటే చూడండి సామీ అన్నా. చూశాడు."

అది నా భుజం పట్టుకుని కుర్చీలోకి మారింది.

"నువ్వు రాందే ఎట్టా కంటాననుకున్నావు?" అంది.

కుర్చీని లోపలికి తోసుకెళ్ళారు. తలుపు మూసుకుంది. కారిడార్‌లో అందరూ గడియారాలు చూసుకుంటున్నారు, ముహూర్తం దాటిపోకూడదని. నేను తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. కాసేపటికి లోపల ఒక బిడ్డ ఏడ్చింది. గట్టిగా, ఆపకుండా ఏడ్చింది.