పిట్టల చదువు

మా ఇంట్లో నా చదువుకు పెట్టిన పేరు పిట్టల చదువు. చుట్టాలెవరైనా వచ్చి "బిడ్డ ఏం చదువుతున్నది?" అని అడిగితే, బాపు కాసేపు తడుముకుని, "పిట్టల మీద ఏదో చదువు, నార్వేల" అనేవాడు. నార్వే ఎక్కడుందో ఆయనకు అట్లాసులో నేనే చూపించాను. పటం పైఅంచు దాకా వేలు జరిపితే, "ఆడికెళ్లి ఇంక మీదికి ఏమున్నది?" అని అడిగాడు.

"మంచే, బాపు."

"అయితే స్వెటర్లు మంచియి కొనుక్కో" అన్నాడు.

మొయినాబాద్ దాటి చేవెళ్ల పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా మా ఊరు. వాగు పక్కన కొత్తిమీర, టమాట, బంతిపూలు వేసేవాళ్లం. నా డిగ్రీ అయిపోయేనాటికి మాదాపూర్‌లో అద్దాల మేడలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్నాయి. మా క్లాసువాళ్లు ఆఖరి పరీక్ష రాసి నేరుగా అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చేరిపోయారు. మా జువాలజీ మేడం మాత్రం నన్ను పిలిచి, నార్వే ఉత్తరపు కొసన ఒక యూనివర్సిటీలో ఫీజు లేకుండా ఎమ్మెస్సీ చదవొచ్చని చెప్పింది. అన్నకు నచ్చలేదు. "అందరు జావా నేర్చుకుంటుంటే నువ్వు పిట్టలెన్క పోతవా?" అన్నాడు. బాపు, "దానికి ఇష్టమున్నది, పోనియ్యి" అన్నాడు. ఆ మాటతో మా ఇంట్లో చర్చ ముగిసింది.

అక్కడ మా ప్రొఫెసర్ రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఆవిడ. మాట తక్కువ, నడక ఎక్కువ. మొదటి చలికాలం, సూర్యుడే పొడవని ఆ రెండు నెలలతో సహా, కొత్త మోజులో గడిచిపోయింది. ఎండాకాలం రాగానే నన్ను కొండ మీది పొట్టి చెట్ల అడవికి తీసుకుపోయింది. సూర్యుడు అస్తమించని రోజులవి. ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో తెలిసేది కాదు. సన్నని వలలు కట్టి, పడిన పిట్టలను కొలిచి, కాలికి చిన్న రింగు తొడిగి వదిలేవాళ్లం. వాటిలో ఒకటి పిచ్చుకంత ఉంటుంది. గొంతు కింద మెరిసే నీలిరంగు, ఆ నీలం మధ్యలో ఇటుకరంగు మచ్చ. మొదటిసారి దాన్ని నా పిడికిట్లో పెట్టినప్పుడు, దాని గుండె కొట్టుకోవడం నా వేళ్లకు తెలిసింది.

"చలికాలం ఇది మీ దేశానికే పోతుంది" అంది ప్రొఫెసర్. "మీ ఊళ్లో చూడలేదా?"

చూడలేదన్నాను. మా పొలంలో ఇరవై ఏళ్లు తిరిగి కూడా చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆవిడ నవ్వి, "ఈసారి ఇంటికెళ్లినప్పుడు వెతుకు" అంది.

డిసెంబర్ సెలవులకు వచ్చి, మర్నాడు పొద్దున్నే బైనాక్యులర్స్ తీసుకుని వాగుకు బయల్దేరాను. బాపు కూడా వెంట వచ్చాడు. వాగు ఒడ్డున జమ్ము గడ్డి దట్టంగా ఉండేది. దానికి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాం. చాలాసేపు ఏమీ కదల్లేదు.

"ఇంకెంతసేపు బిడ్డా? టమాటకు మందు కొట్టేదున్నది."

"జర ఆగు, బాపు."

జమ్ములోంచి ఏదో తోక ఎగరేస్తూ తడిమట్టి మీదికి వచ్చింది. అటు తిరిగి ఉంది. గోధుమరంగు వీపు. ఇట్లాంటివి వందసార్లు చూసి ఉంటాను, పిచ్చుకే కదా అని వదిలేసి ఉంటాను. అది ఇటు తిరిగింది. గొంతు కింద నీలం. బైనాక్యులర్స్ బాపు చేతిలో పెట్టాను. ఆయన కళ్లకు ఆనించుకుని చాలాసేపు చూశాడు.

"గింత పిట్ట గంత దూరం నుంచి వచ్చిందా? నిన్నైతే వీసాకు ఎన్నిసార్లు తిప్పిండ్రు!"

ఆ రోజు మందు కొట్టనేలేదు. ఇంటికొచ్చి అమ్మకూ అన్నకూ మళ్లీ మళ్లీ చెప్పాడు. అన్న కూడా సాయంత్రం బండి ఆపి వాగు దాకా వెళ్లొచ్చాడట. ఏమీ కనిపించలేదని వాడికి కోపం.

జనవరిలో తిరిగి వెళ్లి ఈ సంగతి చెబితే, ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎండాకాలం ఇక్కడ, చలికాలం మీ ఊళ్లో పని చెయ్యి, నా దగ్గరే పీహెచ్‌డీకి చేరు అంది. ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఆ మాట విన్న రోజు మధ్యాహ్నం కూడా కిటికీ బయట చీకటే. మా వాగు ఎండలోంచి నేరుగా ఆ చీకట్లోకి వచ్చాను కదా, ఈసారి తట్టుకోలేకపోయాను. పగలంతా నిద్ర వచ్చేది. అన్నం వండుకోబుద్ధి అయ్యేది కాదు. క్లాసులో ఎవరైనా పలకరిస్తే ఏడుపొచ్చేది. డాక్టరు రోజూ కాసేపు ఎండలా వెలిగే దీపం ముందు కూర్చోమంది, మందులిచ్చింది. సూర్యుడు మళ్లీ కనిపించాక తేరుకున్నాను. థీసిస్ ఎట్లాగో పూర్తి చేశాను. జూన్‌లో బయల్దేరుతుంటే ప్రొఫెసర్, "శరత్కాలంలో కలుద్దాం" అంది. తప్పకుండా అన్నాను. ఆ క్షణంలో అది నిజమే.

ఇంటికి వచ్చాక, గచ్చిబౌలిలో మందుల ప్రయోగాల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే కంపెనీకి బయాలజీ చదివినవాళ్లు కావాలట అని అన్న చెప్పాడు. ఊరికే కూర్చోవడం ఎందుకని చేరాను. శరత్కాలం వచ్చింది. టికెట్ చూద్దామని కూర్చున్నప్పుడల్లా ఆ కిటికీ గుర్తొచ్చేది. వసంతంలో వస్తానని రాశాను. సరే, అప్పటిదాకా ఖాళీ ఉంచుతానని ఆవిడ జవాబిచ్చింది. వసంతానికి నాకు ప్రమోషన్ వచ్చింది, కొత్త ప్రాజెక్టు ఇచ్చారు. ఈసారి రాయడానికే మొహం చెల్లలేదు. వేసవి మధ్యలో ఆవిడే రెండు వాక్యాలు రాసింది. వేరే విద్యార్థిని చేరింది, నీకు మంచి జరగాలి. నేను క్యాబ్‌లో చదివాను ఆ మెయిల్. పక్కన కూర్చున్న అమ్మాయి, "ఎవరికన్న ఏమన్న అయిందా?" అని అడిగింది.

కొన్నేళ్ల తర్వాత ఆ విద్యార్థినే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ప్రొఫెసర్ రిటైరయ్యే ముందు నా ఈమెయిల్ ఇచ్చిందట. చలికాలంలో ఆ పిట్టలు ఉండే చోట్లు చూపించమని అడిగింది. ఒక ఆదివారం ఆమెను, బాపును కారులో తీసుకుని బయల్దేరాను. వాగు పక్క పొలం అప్పటికే అమ్మేశాం. అక్కడ ప్రహరీ, గేటు, లోపల ఇళ్ల ప్లాట్ల వెంచరు. జమ్ము ఉన్నచోట మొరం పోసి రోడ్డు వేశారు. బాపు గేటు ముందు దిగి, "గీడనే కూసున్నం, నేను, నా బిడ్డ" అని ఆమెకు తెలుగులోనే చెప్పాడు. ఆమె తలూపింది.

ఇంకా కిందికి, ఒక చెరువు తూము దగ్గర కొంచెం తుంగ మిగిలి ఉంది. ముగ్గురం నిలబడ్డాం. ఆమె ఉన్నట్టుండి నా చేయి పట్టుకుని, "విన్నావా?" అంది. నాకు ఏమీ వినిపించలేదు. కాదు, వినిపించింది. రెండు చిన్న రాళ్లు తగిలినట్టు ఏదో చప్పుడు. ఒకప్పుడు సగం నిద్రలో కూడా గుర్తుపట్టగలిగిన ఆ పిలుపు, ఏ పిట్టదో ఆమె చెబితే గానీ నాకు తెలియలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని కెమెరా తీసింది. నేను వెనక్కి జరిగి ఆమెకు చోటిచ్చాను.

ఆమెను గెస్ట్‌హౌస్‌లో దింపి ఇంటికి బయల్దేరాం. మొయినాబాద్ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఆగాం.

"నువ్వు చెయ్యవలసిన పనే కదా, గా పిల్ల చేస్తున్నది?"

"అవును, బాపు."

"మల్ల ఎందుకు పోలేదు? నేనైతే వద్దనలేదు. మీ అమ్మ అనలేదు."

చీకటి గురించి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబితే, ఇన్నేళ్లూ చెప్పనందుకు బాధపడతాడు.

"పని దొరికింది కద" అన్నాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "పని అందరికి దొరుకుతది" అన్నాడు, నాతో కాదన్నట్టు.

వెనక బండి హారన్ కొట్టింది. నేను గేరు వేశాను.