నలుగురి ముందు మింగిన గోలీ

మా కాక పోయాడు. సెలవు మీద ఊరెళ్లి వచ్చిన మా గదివాడొకడు మామిడికాయ తొక్కు సీసా నా మంచం మీద పెట్టి, ఆ తర్వాతే ఈ మాట చెప్పాడు. అప్పటికే దినాలు కూడా అయిపోయాయట. పొద్దున చాయ్ తాగుతూ గుండె ఆగి కూలబడ్డాడట. ఇక్కడ ఖతార్‌లో, మా పనివాళ్ల క్యాంపులో ఒకరిద్దరు వెంటనే గొణిగారు, "గా పిచ్చి గోలీలు మింగి మింగి పోయిండు" అని. వాళ్ల నోళ్లు మూయించడానికే ఇది రాస్తున్నాను. ఏడుపు తర్వాత.

కాక నాకు చుట్టం కాదు. జగిత్యాల వైపు మనిషి, మా కంపెనీలో మేస్త్రీల మీద ఫోర్‌మన్. క్యాంపులో తెలుగువాళ్లందరికీ కాకే. మెస్సులో మొదటి ముద్ద కలిపి పళ్లెం అంచున పెట్టి, "గిది ఇంటోళ్లది" అనేవాడు. చివర్లో అదీ తనే తినేసి, "ఆళ్లకు ముట్టింది తియ్" అని మూతి తుడుచుకునేవాడు.

నేను టైమ్‌కీపర్‌ని. డిగ్రీ చదివాను. ఖతార్ వచ్చిన రెండో ఏడు, తొంభై నాలుగు ఎండాకాలంలో, అల్ వక్రా సైటుకు వెళ్లే బస్సులో నాకు ప్రాణం పోయినంత పనైంది. గుండె దడ, చేతులు తిమ్మిరి, ఊపిరి అందదు. ఎండకు తట్టుకోమని సైట్లో ఉప్పు గోలీలు ఇచ్చేవారు. చెమటతో ఒంట్లో ఉప్పంతా పోయిందనుకుని గుప్పెడు మింగి, కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాను. మర్నాడు బస్సు మెట్టెక్కగానే మళ్లీ అదే దడ, మళ్లీ అవే గోలీలు. నా డిగ్రీ అంతవరకే పనికొచ్చింది. మూడో వారానికి బస్సును చూస్తేనే వణుకు పుట్టింది. బస్సెక్కకపోతే డ్యూటీ లేదు. డ్యూటీ చేయనివాణ్ని కంపెనీ ఇంటికి పంపేస్తుంది. ఇంట్లో నా మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు.

కాక నా చేతిలోంచి ఉప్పు గోలీల డబ్బా లాక్కున్నాడు. "గిది ఉప్పు రోగం గాదురా, భయం రోగం. నాకెర్కే. నడువు" అని దోహాలో ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు గుండె పరీక్ష చేయించి, గుండె భేషుగ్గా ఉందన్నాడు. ఇదీ జబ్బేనని, దీనికీ మందుందని ఉర్దూలో నింపాదిగా చెప్పాడు. గోలీ రోజూ వేసుకోవాలి, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. బస్సు మాత్రం మానకూడదు, మానిన కొద్దీ భయం పెరుగుతుంది. దడ వచ్చినా సీట్లోనే కూర్చుంటే దానంతటదే తగ్గుతుంది.

పది రోజులకే గోలీ మానేశాను. గుణం లేదు కాకా అన్నాను. ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నిన్న పోసిన స్లాబుకు ఇయ్యాల్నే చెక్కలు పీకుతవా? నీళ్లు పట్టాలె, ఆగాలె. లేకుంటె నెత్తి మీద పడ్తది బిడ్డా!"

మళ్లీ మొదలుపెట్టాను. రోజూ బస్సులో నా పక్కనే కూర్చునేవాడు. దడ వస్తోందంటే, "రానియ్, ఎన్నిసార్లొస్తదో నేను గూడ సూస్త" అనేవాడు.

ఇంతలో నా ఆసుపత్రి కాగితం క్యాంప్ బాసు కంట పడింది. ఆయనది హైదరాబాద్. శుక్రవారం మధ్యాహ్నం అందరూ అన్నం తింటుంటే మెస్సులోకి వచ్చి కాగితం ఊపాడు. "పిచ్చోళ్లకు ఇక్కడ జాగా మాఫీ, లేదంతే. రేపే నీ ఎగ్జిట్ కాగితాలు పెడ్తున్న" అన్నాడు. అందరూ తలలు వంచుకున్నారు. నేనూ వంచుకున్నాను.

కాక లేచాడు. అంగీ జేబులోంచి గోలీల పట్టీ తీసి అందరికీ చూపించి, ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

"నాలుగేండ్ల సంది మింగుతున్న. నువ్వు శభాష్ అన్న స్లాబులన్నీ గీ పిచ్చోడు పోసినయే. పంపితె ఇద్దర్నీ పంపు. రేపటి స్లాబు నువ్వే పోసుకో."

అప్పటిదాకా ఆ సంగతి నాకే కాదు, ఆయన ఇంట్లోవాళ్లకూ తెలియదు.

మమ్మల్ని పంపలేదు. కాకను మాత్రం ఫోర్‌మన్ పనిలోంచి తీసి, తెల్ల హెల్మెట్ లాక్కుని కూలీల పసుపు హెల్మెట్ ఇచ్చారు. కాంట్రాక్టు అయి ఊరెళ్లిపోయేదాకా దాంతోనే చేశాడు. నా వల్లే కదా అని నేను ఏడిస్తే, "గీ టోపీ గూడ ఎండనాపుతది. సప్పుడు జెయ్యకు" అన్నాడు. ఆ రోజు నుంచి గోలీ మెస్సులో నలుగురి ముందే వేసుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే ఆయన మంచం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి ఆసుపత్రి దారి అడిగారు. కాక మాత్రం గట్టిగానే చెప్పేవాడు.

గొణిగినవాళ్లూ, వినండి. ఆయన్ని తీసుకుపోయింది గుండెపోటు. అన్నేళ్లు నిలబెట్టింది ఆ గోలీలు. నన్నూ నిలబెట్టాయి. రెండేళ్లు వేసుకుని, డాక్టరు చెప్పాక మెల్లగా ఆపాను. రేపు అవసరమైతే మళ్లీ వేసుకుంటాను, మెస్సులోనే.

ఇప్పుడు కాకను తలుచుకుంటే నాకు ఒకటే పొద్దున కనబడుతుంది. ఎప్పటిలాగే ఆయన కోసం పక్క సీటు ఆపి ఉంచాను. ఆయన "ఇయ్యాల నువ్వే సూస్కో" అని నన్ను దాటుకుని ముందుకు పోయి డ్రైవరు వెనక కూర్చున్నాడు. దారి మధ్యలో లారీ అడ్డం పడి బస్సు ఆగిపోయింది. ఉక్కపోతకు డ్రైవరు తలుపు తెరిచాడు. నాకు దడ మొదలైంది. కాకా అన్న పిలుపు గొంతుదాకా వచ్చింది. నాకు దడ వచ్చిందని ఆయనకు తెలుసు. ముందున్న ఇనుప కడ్డీని పిడికిలితో ఎంత గట్టిగా పట్టుకున్నాడో నాకు కనబడుతూనే ఉంది. తలుపు తెరిచే ఉంది. కాక వెనక్కి తిరగలేదు, నేను లేవలేదు.