కిటికీలు లేని కర్టెన్లు

మా ఎదురింటి టీచరమ్మగారు పోయిన మంగళవారం చనిపోయారు. కబురు తెలిసేసరికి నాన్న కొట్లో ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతున్నాడు. సూదిని అలవాటుగా కాలరుకి గుచ్చుకుని, లేచి షట్టరు సగానికి దించాడు.

తిరువూరు బస్టాండు దగ్గర నాన్నది టైలరు కొట్టు. నేను కాలేజీలో ఉండగా ఒక ఏడు వానల్లేక పత్తి బాగా పోయింది. మా దగ్గర పత్తి పోతే అది తీసే కూలి ఉండదు, కూలి లేకపోతే కొత్త గుడ్డ కుట్టించుకునేవాళ్లు ఉండరు. కొట్టు ఎత్తేసి హైదరాబాదులో రెడీమేడ్ కంపెనీలో చేరదామని నాన్న నిశ్చయించుకున్నాడు. అమ్మకి ఊరు వదలడం ఇష్టం లేదు. నాకూ లేదు, కానీ మమ్మల్ని అడిగిందెవరు?

ఆ నెల జీతం పడిన సాయంత్రం టీచరమ్మగారు కర్టెన్ గుడ్డ పట్టుకొచ్చారు. పై నెలా తెచ్చారు. ఆ పై నెల నాన్న ఊరుకోలేకపోయాడు.

"మీ ఇంట్లో ఇన్ని కిటికీలు లేవు కదండీ! పోనీ కొలతలైనా చెప్పండి."

"మీకు తోచినంత పొడుగు కుట్టండి. నాది వానతో పనిలేని జీతం. అది ఊళ్లో నాలుగు చేతులు మారకపోతే దేనికండీ?"

ఆవిడ ఏది చెప్పినా పాఠంలాగే ఉండేది, వినేవాళ్లకి కాస్త విసుగ్గానూ ఉండేది. విజయవాడలో చవకగా దొరుకుతుందంటే ఒప్పుకునేవారు కాదు. సబ్బుబిళ్లయినా ఊళ్లోనే కొనాలి.

నాన్న కుట్టుకూలి కిరాణా కొట్టుకి వెళ్లింది. కొట్టాయన ఎప్పటినుంచో కారుతున్న కప్పు బాగుచేయించాడు. ఆ పని చేసిన తాపీమేస్త్రి తన కూతురి లంగా ఓణీ గుడ్డతో నాన్న దగ్గరికి వచ్చాడు. ఆ సంగతి చెబితే టీచరమ్మగారు చప్పట్లు కొట్టారు.

"చూశారా, నా కర్టెనే ఓణీ అయి తిరిగొచ్చింది!"

ఒక్క ఆవిడ జీతంతోనే కొట్టు నిలబడిందని నేను అనను. మరుసటేడు పత్తి పండింది. కానీ అప్పటిదాకా నాన్నని ఊళ్లో ఆపింది ఆ కర్టెన్లే.

చర్చిలో ప్రార్థన అయ్యాక ఆవిడ చెల్లెలు మమ్మల్ని ఇంటికి పిలిచి ట్రంకుపెట్టె తెరిచింది. కర్టెన్లన్నీ నాన్న ఇస్త్రీ మడతల్లోనే ఉన్నాయి.

"ఇవన్నీ నేనేం చేసుకోనండీ?" అంది.

నాన్న ఒకటి తీసి ముందుగది కిటికీకి తగిలించాడు. కొలత లేకుండా కుట్టింది కదా, మూరెడు నేలమీద పడింది. కాసేపు దానికేసి చూసి, గోడకానుకుని కింద కూర్చున్నాడు. అంచు మడిచి, కాలరుకున్న సూది తీశాడు.